వన్యప్రాణిని ప్రాణంతో గమ్యం చేర్చడం ఎలా?

లారీలోకి ఎక్కించేటప్పుడు జింక నాలుగు కాళ్ల మీద నిటారుగా నిలబడి ఉంటుంది. కొత్త చోట దింపినప్పుడు ఒక్క గెంతు గెంతి పొదల్లోకి పోతుంది. పని బాగా జరిగిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మూడో రోజు తెల్లవారేసరికి అది కంచె పక్కన చచ్చి పడి ఉంటుంది. ఒంటి మీద చిన్న గీత కూడా ఉండదు. పాము కరిచిందేమోనని ఒకరు, కొత్త మేత పడలేదేమోనని ఇంకొకరు అంటారు. దాన్ని చంపింది మూడు రోజుల కిందటి పరుగు.

ఈ జబ్బును క్యాప్చర్ మయోపతి అంటారు. ప్రాణభయంతో శక్తికి మించి పరుగెత్తిన జంతువు కండరాలకు ఆక్సిజన్ చాలదు. లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, ఒంటి వేడి పెరుగుతుంది, కండరాల కణాలు చిట్లుతాయి. వాటిలోంచి మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్ రక్తంలోకి వచ్చి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కొన్ని జంతువులు పట్టుబడిన నిమిషాల్లోనే గుండె ఆగి పోతాయి. కొన్ని ఒకటి రెండు రోజులు కాళ్లీడ్చుకుంటూ తిరిగి, కాఫీ రంగు మూత్రం పోసి చనిపోతాయి. మరికొన్ని పైకి కోలుకున్నట్టే కనిపించి, వారాల తరువాత ఎవరైనా మళ్లీ తరిమినప్పుడు ఉన్నపళంగా కూలిపోతాయి. ముదిరాక నమ్మదగిన వైద్యం లేదు. కాబట్టి పట్టే పనిలో ప్రతి అడుగునూ ఒకే ప్రశ్నతో చూడండి: దీనివల్ల జంతువు పరుగు, భయం, వేడి తగ్గుతాయా, పెరుగుతాయా?

ఇక్కడ రాసేది ముఖ్యంగా దక్షిణాఫ్రికా, నమీబియా దేశాల్లో గేమ్ ఫార్మ్‌లు, అంటే కంచె వేసి వన్యప్రాణులను పెంచే పొలాలు, నడిపేవారికి, వాటిలో పనిచేసేవారికి ఉపయోగపడే పద్ధతి. ఇంపాలా, కుడూ, వైల్డెబీస్ట్ అనే జింకజాతులు, జీబ్రా వంటి గుంపుగా తిరిగే జంతువులను పట్టడానికి అక్కడ బోమా అనే తాత్కాలిక దొడ్డిని వాడతారు.

మొదటి పని: అది వెళ్లే చోటును ముందు చూడండి

కొనే ముందు, అమ్మే ముందు రెండు ఫార్మ్‌ల పిడుదుల గురించి ఆరా తీయండి. హార్ట్‌వాటర్ అనే జబ్బు బాంట్ పిడుదు ద్వారా వ్యాపిస్తుంది. ఆ పిడుదు లేని చోట పుట్టి పెరిగిన జంతువుకు దాన్ని తట్టుకునే శక్తి ఉండదు. అలాంటి దాన్ని పిడుదులున్న చోటికి తెస్తే, ఎంత నెమ్మదిగా పట్టినా, ఎంత జాగ్రత్తగా దింపినా ప్రయోజనం లేకపోవచ్చు.

పొరుగున ఆవుల మంద ఉంటే బ్లూ వైల్డెబీస్ట్‌ను తెచ్చే ముందు బాగా ఆలోచించండి. మాలిగ్నెంట్ కటారల్ ఫీవర్ కలిగించే వైరస్‌ను అది మోస్తుంది. దానికి ఏమీ కాదు, ఆవులు చనిపోతాయి. వైల్డెబీస్ట్‌లు ఈనే కాలంలో ప్రమాదం మరీ ఎక్కువ. ఆఫ్రికా అడవి దున్నల విషయంలోనైతే గాలికుంటు, క్షయ, బ్రుసెల్లోసిస్, పిడుదుల ద్వారా ఆవులకు పాకే కారిడార్ జబ్బు, ఈ నాలుగింటి పరీక్షలు అయ్యేదాకా లారీ మాటే ఎత్తకూడదు.

జాతుల కలయిక ఇంకో సంగతి. బ్లూ వైల్డెబీస్ట్, బ్లాక్ వైల్డెబీస్ట్ ఒకే కంచెలో ఉంటే కలుస్తాయి, పుట్టిన సంకరాలూ పిల్లలను కంటాయి. బ్లెస్‌బాక్, బాంటెబాక్ అనే జింకలు కూడా అంతే. 1931లో బాంటెబాక్ కోసం ప్రత్యేకంగా జాతీయ ఉద్యానం పెట్టినప్పుడు అందులో ఉన్నవి 17. అంత కొద్ది జంతువుల నుంచి మళ్లీ నిలదొక్కుకున్న జాతి రక్తాన్ని ఒక కంచె పొరపాటుతో పలుచన చేసే హక్కు ఎవరికీ లేదని నా గట్టి అభిప్రాయం.

కాగితాలు చివరి వారానికి వదలకండి. దక్షిణాఫ్రికాలో ముప్పున్న, రక్షిత జాతులను తరలించడానికి 2007 నాటి నిబంధనల కింద అనుమతి ఉండాలి. 1991 నాటి గేమ్ థెఫ్ట్ చట్టం ప్రకారం మీ కంచె సరిపడినదని ధ్రువపత్రం ఉంటే, జంతువు తప్పించుకుని బయటికి పోయినా దాని మీద మీ యాజమాన్యం పోదు.

ఎప్పుడు పట్టాలి, ఎప్పుడు మానుకోవాలి

దక్షిణాఫ్రికాలో పట్టే కాలం చలికాలం, సుమారుగా ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు. అందులోనూ తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండ చురుక్కుమనేలోపు ముగించాలి. గాలి వేడి 25 డిగ్రీలు దాటితే పట్టడం ఆపేయాలన్నది పాటించదగిన హద్దు. నిండు చూలుతో ఉన్నవాటిని, పాలు తాగే పిల్లలున్న మందను ఆ రోజుకు వదిలేయండి.

ఆపే హద్దులను ముందు రోజు రాత్రే కాగితం మీద రాసి అందరికీ చదివి వినిపించండి. ఎంత వేడికి ఆపుతాం, మంద ఎన్నిసార్లు తప్పించుకుంటే వదిలేస్తాం, ఆపమని చెప్పే మనిషి ఎవరు, ఈ మూడూ అందులో ఉండాలి. మందను తోలే హెలికాప్టర్ అద్దె గంటల లెక్కన నడుస్తూ, కొన్న మనిషి లారీ పక్కనే నిలబడి ఉన్నప్పుడు ఆపుదామన్న మాట ఎవరి నోటా రాదు. ముందే రాసుకున్న కాగితం ఉంటే వస్తుంది. రెండుసార్లు తప్పించుకున్న మందను మూడోసారి తరమకండి. అవి పట్టుబడినా ప్రాణాలతో మిగలవు. వారం తరువాత రండి.

బోమా కట్టడం

మొదట్లో జంతువులను వలల్లోకి, తాళ్లతో బిగించిన దొడ్లలోకి తరిమేవారు. కాళ్లు, మెడలు విరిగి చాలా చనిపోయేవి. 1960లలో దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో యాన్ ఊలోఫ్సే ఒక సంగతి గుర్తించి వాడుకలోకి తెచ్చాడు: అవతలిపక్క కనిపించని ప్లాస్టిక్ పట్టాను జంతువు గోడ అనుకుంటుంది. ఒక్క గుద్దుతో చించుకుని పోగలిగినా దాని జోలికి పోదు. ఇప్పటి బోమా పద్ధతి అంతా ఆ ఒక్క గమనిక మీదే నిలబడి ఉంది.

ఆకారం గరాటులా ఉండాలి. నోరు వెడల్పుగా, రెండు రెక్కలు వందల మీటర్ల పొడవున క్రమంగా దగ్గరవుతూ, చివర ఇరుకు దారి, ఆ తరువాత ర్యాంపు, దాన్ని ఆనుకుని లారీ. పట్టా ఎత్తు రెండున్నర నుంచి మూడు మీటర్లు. చెట్ల మధ్య, గుంజల మధ్య ఉక్కు తీగ లాగి దానికి పట్టాను వేలాడదీస్తారు.

చోటు ఎంచుకునేటప్పుడు నాలుగు రోజుల ముందే వెళ్లి ఆ మంద రోజూ నడిచే బాటలు చూడండి. అవి తమంతట తాము పోయే దిక్కులోనే బోమా ఉండాలి. నోటి దగ్గర పొదలు దట్టంగా ఉండి రెక్కలను దాచాలి. మనుషుల వాసన మంద వైపు పోకుండా గాలి దిక్కు చూసుకోండి. మంద వైపు నుంచి బోమా వైపు గాలి వీస్తే మంచిది. చివరి భాగం కొద్దిగా వంపు తిరగాలి. తిన్నగా ఉంటే జంతువుకు దూరం నుంచే లారీ కనిపించి వెనక్కి మళ్లుతుంది.

కట్టడం అయ్యాక ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని, ఇంపాలా కన్ను ఉండే ఎత్తు నుంచి ఆ గోడను చూడండి. నిలబడి చూసినప్పుడు కనిపించనివన్నీ అప్పుడు కనిపిస్తాయి. పట్టా కింది అంచుకు, నేలకు మధ్య జానెడు సందు ఉంటుంది, అందులోంచి వెలుగు గీతలా మెరుస్తుంది. జంతువుకు అది దారి. తల అందులో దూర్చిందంటే వెనకనున్నవన్నీ దాని మీద పడతాయి. ఆ సందును మట్టితోనో, కొమ్మలతోనో కప్పండి. పట్టా గాలికి పటపటలాడుతుంటే బిగించండి. గాలి మరీ ఎక్కువైతే ఆ రోజు పని వాయిదా వేయండి. ఇరుకు దారిలో పొడుచుకు వచ్చిన తీగ కొనలు, బోల్టులు ఉన్నాయేమో అరచేత్తో తడిమి చూడాలి. ఈ చిన్న పనికి అరగంట పడుతుంది. కళ్లు పోగొట్టుకున్న జంతువులను చూసినవాళ్లెవరూ ఆ అరగంటను వదులుకోరు.

గరాటు పొడవునా మూడు నాలుగు చోట్ల అడ్డతెరలు ఉండాలి. ఒక్కో తెర దగ్గర ఇద్దరు పట్టా వెనక దాక్కుని కూర్చుంటారు. మంద దాటిన మరుక్షణం పరుగెత్తి తెర లాగేయడం వాళ్ల పని. ముందు రోజు ఉత్తుత్తి పరుగులు తీయించి తెర ఎక్కడా తట్టుకోకుండా కదులుతోందో లేదో చూసుకోండి.

మందను తోలడం

మందను హెలికాప్టర్‌తో తోలే పైలట్ అనుభవం మిగతా అందరి అనుభవం కంటే విలువైనది. మందకు దూరంగా, వెనకగా ఉండి, నడక వేగంతో, అవి తమ ఇష్టంతోనే కదులుతున్నాయన్నట్టు తేవాలి. గరాటు నోటి దాకా జంతువులు నడిచి వస్తే సగం పని అయినట్టే. నోట్లోకి వచ్చాకే ఒక్కసారి దగ్గరికి వచ్చి ఒత్తిడి పెంచాలి, అదీ కొద్ది నిమిషాల పని. నోరు తెరిచి రొప్పుతున్న జంతువు, మందలోంచి వెనకబడిన జంతువు కనిపిస్తే పైలట్ వెంటనే వెనక్కి తగ్గాలి.

మొదటి తెర మూయాల్సిన క్షణంలో పైలట్ సైరన్ మోగిస్తాడు. తెరలు ఒకటి తరువాత ఒకటి మూసుకుంటాయి. అప్పటి నుంచి బోమాలో మనిషి గొంతు వినపడకూడదు. ఈలలు, కేకలు, ఫోను మోతలు, నవ్వులు ఏవీ వద్దు. చేతి సైగలతోనే పని నడవాలి. కొత్తగా చేరినవాళ్లకు అన్నిటికంటే కష్టమయ్యేది ఇదే, ఎందుకంటే మంద లోపలికి రాగానే వాళ్లకు అరవాలనిపిస్తుంది.

ఇరుకు దారిలోనూ, ర్యాంపు మీదా

ఇంపాలా మగవి, వాటర్‌బక్ మగవి లారీ చీకట్లో ఒకదాన్నొకటి పొడుచుకుని చంపుకుంటాయి. పెద్ద మగవాటిని విడిగా ఎక్కించండి. జెమ్స్‌బాక్, సేబుల్ వంటి పొడవు కొమ్ముల వాటికి కొమ్ముల మీద ప్లాస్టిక్ పైపు ముక్కలు తొడుగుతారు. జీబ్రా కుటుంబాలను విడదీయకండి. ఒక మగది, దాని ఆడవి, పిల్లలు ఒకే అరలో ప్రయాణిస్తే తన్నులాటలు తగ్గుతాయి. తల్లి ఒక లారీలో, పిల్ల మరో లారీలో పోవడం కంటే లారీ పది నిమిషాలు ఆలస్యం కావడమే మేలు.

శాంతపరిచే మందులు వన్యప్రాణి వైద్యుడే ఇవ్వాలి. అయినా అవి పనిచేసే కాలం మీకూ తెలిసి ఉండాలి. అజాపెరోన్ కొద్ది గంటలు పనిచేస్తుంది. హాలోపెరిడాల్ సగం రోజు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ. పెర్ఫెనజీన్ ఎనాంతేట్ దాదాపు వారం పాటు ఉంటుంది, కానీ మొదలు కావడానికి సగం రోజు పైనే పడుతుంది. వారం పనిచేసే మందు ఇచ్చాం కదా అని వెంటనే లారీ కదిలిస్తే ఆ ప్రయాణంలో జంతువుకు ఏ రక్షణా ఉండదు. అందుకే చాలామంది వైద్యులు గంటల మందు, వారం మందు రెండూ కలిపి ఇస్తారు. ఇంకొకటి: పెర్ఫెనజీన్ పడిన జంతువు ఒంటి వేడిని సరిగా నిలుపుకోలేదు. చలి రాత్రి దొడ్డిలో దానికి గాలి తగలని మూల, పొడి గడ్డి ఉండాలి.

మత్తు సూది వేసి పట్టాల్సి వస్తే

ఒంటరి జంతువుకు, గాయపడినదానికి, ఖడ్గమృగం వంటి భారీ జంతువుకు సూదిమందే మార్గం. ఎం99 అని పిలిచే ఎటార్ఫిన్ 1960లలో అందుబాటులోకి వచ్చాకే ఖడ్గమృగాలను పెద్ద ఎత్తున తరలించడం సాధ్యమైంది. ఒకప్పుడు వందలోపుకు పడిపోయిన దక్షిణ తెల్ల ఖడ్గమృగాలు దక్షిణాఫ్రికాలోని ఉమ్‌ఫోలోజీ అభయారణ్యం నుంచి ఇతర ఉద్యానాలకు, దేశాలకు వెళ్లి వేలయ్యాయి. అయితే ఎటార్ఫిన్ మనిషికి అతి ప్రమాదకరం. చర్మం మీది గాయంలోనో, కంట్లోనో చిన్న చుక్క పడినా ఊపిరి ఆగిపోవచ్చు. చేతి తొడుగులు, కళ్లద్దాలు, పక్కనే నీళ్లు, మనిషికి ఇచ్చే విరుగుడు, దాన్ని ఇవ్వడం తెలిసిన రెండో మనిషి, ఇవన్నీ ఉంటే తప్ప సూది నింపకూడదు. ఆ మందుతో ఎవరూ ఒంటరిగా పనిచేయకూడదు. తుపాకీతో వేసిన ప్రతి మత్తు సూదిని (డార్ట్‌ను) వెతికి లెక్క చూసుకోండి, గురి తప్పిన వాటితో సహా.

జంతువు పడిపోగానే మీరు చేయాల్సినవి వరసగా ఇవి. కళ్లకు గంతలు కట్టండి. చెవుల్లో దూది పెట్టండి. నెమరు వేసే జంతువైతే పక్కకు పడుకోనివ్వకుండా రొమ్ము నేలకు ఆనేలా కూర్చోబెట్టండి. తల పొట్ట కంటే ఎత్తులో, ముక్కు కిందికి వాలి ఉండాలి. లేకపోతే పొట్టలోని ద్రవం పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కడుపు ఉబ్బి ఊపిరి ఆడదు. నోట్లో మేత ఉంటే వేలితో తీసేయండి.

ఆ వెంటనే ఆసనంలో థర్మామీటరు పెట్టండి. జింకజాతికి మామూలుగా ఉండే వేడి సుమారు 38 నుంచి 39.5 డిగ్రీలు. 40 దాటితే పొత్తికడుపు, తొడల సందు, మెడ తడిసేలా నీళ్లు పోస్తూ విసరడం మొదలుపెట్టండి. 41 అంటే ప్రాణాపాయం. వైద్యుడు కొలతలు, నమూనాలు అన్నీ వదిలేసి విరుగుడు ఇచ్చి లేపే ఆలోచన చేయాలి. 42 దాటినవి బతకడం చాలా కష్టం. అయిదు నిమిషాలకోసారి వేడి, ఊపిరి, నాడి చూసి ఒకరు రాయాలి, ఆ మనిషికి మరే పనీ చెప్పకూడదు. ఫొటోలు తీసుకునేవాళ్లను దూరంగా ఉంచండి.

దారిలో

లారీ లోపల చీకటిగా ఉండాలి, గాలి మాత్రం ధారాళంగా ఆడాలి. నేల జారకుండా ఇసుకో, చాపలో, గడ్డో పరవాలి. ఒక జంతువు పడితే తిరిగి లేవగలిగేంత చోటు ఉండాలి, అటూ ఇటూ విసిరివేయబడేంత ఖాళీ ఉండకూడదు. పొగ గొట్టం లోపలికి ఊదడం లేదని ఇంజను ఆన్ చేసి చూసుకోండి.

రాత్రిపూట, చల్లటి వేళ ప్రయాణించండి. డ్రైవరు బ్రేకు గట్టిగా వేయకుండా, మలుపుల దగ్గర ముందే నెమ్మదించాలి. మొదటి గంటలో ఒకసారి, తరువాత అప్పుడప్పుడు ఆగి చిన్న కిటికీ నుంచి లోపల చూడాలి. తలుపు తెరవకండి, టార్చ్ తిన్నగా కళ్లలోకి వేయకండి. ఆగినప్పుడు ఎండలో ఆపవద్దు. లారీ నడుస్తున్నంతసేపూ గాలి ఆడుతుంది, ఎండలో ఆగిన లారీ కొలిమి అవుతుంది.

దింపడం

కొత్త ఫార్మ్ కంచెకు ముందు రోజే గోనె ముక్కలు గానీ, తెల్లటి ప్లాస్టిక్ పీలికలు గానీ కట్టండి. సన్నటి తీగ కొత్త జంతువు కంటికి ఆనదు. బెదిరి పరుగెత్తితే నేరుగా అందులోకి దూసుకుపోయి మెడ విరుచుకుంటుంది. నీటిగుంట దగ్గరలో, కంచెకు దూరంగా దింపండి. తలుపు తీసి అందరూ వెనక్కి వెళ్లండి. బయటికి రావడానికి అరగంట పట్టినా పట్టనివ్వండి. కర్రతో పొడిచి, రేకుల మీద బాది బయటికి తోలడం వల్ల అప్పటిదాకా పడిన శ్రమంతా ఒక్క నిమిషంలో పోతుంది.

కొన్నిటిని ముందు చిన్న దొడ్డిలో రెండు మూడు వారాలు ఉంచుతారు. అలాంటప్పుడు పాత చోటి మేతను కూడా తెప్పించుకోండి. ఆకులు మేసే కుడూకు పాత చోట మేసిన చెట్ల కొమ్మలే నరికి కట్టలుగా వేలాడదీయాలి. కొత్త మేత రోజుకు కొంచెం కొంచెంగా కలపండి, నెమరు పొట్టలోని సూక్ష్మజీవులు అలవాటు పడడానికి సమయం కావాలి. నీళ్ల తొట్టి చుట్టూ నేల తడపండి, ఆ తడి వాసనకే అవి నీటిని కనుక్కుంటాయి.

తరువాతి రోజులు

రోజుకు రెండుసార్లు, ఒకే మనిషి, ఒకే వేళకు, దూరం నుంచి బైనాక్యులర్‌తో చూడాలి. వెనక కాళ్లు బిగుసుకున్నట్టు నడక, మెడ వాలిపోవడం, మందకు దూరంగా నిలబడడం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే వైద్యుణ్ని పిలవండి. దగ్గరికి పోయి లేపే ప్రయత్నం చేయకండి, దానికి ఇంకో పరుగు తట్టుకునే శక్తి లేదు.

కుడూ మీకు భయపడకుండా, చొంగ కారుస్తూ ఇంటి ముంగిట్లోకి వస్తే మచ్చికైందని మురిసిపోకండి. రేబిస్ అయి ఉండవచ్చు. నమీబియాలో 1977లో మొదలైన వ్యాప్తిలో కుడూలు వేల సంఖ్యలో చనిపోయాయి. చొంగ ద్వారా ఒకదాని నుంచి ఇంకొకదానికి ఆ జబ్బు పాకుతుంది. దాని నోటి దగ్గర చేయి పెట్టకండి. మీ జట్టులో అందరికీ ముందుగానే రేబిస్ టీకా వేయించండి.

చనిపోయిన జంతువు దొరికితే కోసే ముందు ఆగండి. ముక్కు నుంచి, ఆసనం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే ఆంత్రాక్స్ అనుమానించి, కత్తి పెట్టకుండా పశువైద్య శాఖకు చెప్పండి. కోస్తే బీజాలు మట్టిలో దశాబ్దాలు ఉంటాయి. అలాంటి అనుమానం లేకపోతే వైద్యుడి చేత కోయించి చూడండి. వెనక తొడ కండరాల్లో ఉడికిన మాంసంలాంటి పాలిపోయిన చారలు, మూత్రాశయంలో ముదురు గోధుమ రంగు ద్రవం ఉంటే మయోపతి అని అర్థం చేసుకోవచ్చు. ఏ పనికైనా చేతి తొడుగులు తప్పనిసరి. 1996లో దక్షిణాఫ్రికాలోని ఔట్స్‌హూర్న్ ప్రాంతంలో నిప్పుకోళ్లను కోసే కార్మికులకు పిడుదుల వల్ల, రక్తం తగలడం వల్ల వచ్చే క్రిమియన్-కాంగో జ్వరం సోకింది. పిడుదును వేళ్ల మధ్య నలపడం కూడా ఆ జ్వరాన్ని తెచ్చుకునే మార్గమే.

తరలించిన ప్రతి మందకూ ఒక పుస్తకం పెట్టండి. పట్టిన వేళ, గాలి వేడి, పరుగు ఎంతసేపు సాగింది, ఇచ్చిన మందులు, ఎక్కించినవెన్ని, దిగినవెన్ని, ముప్పయ్యో రోజున లెక్కకు వచ్చినవెన్ని. చివరి అంకెను కొన్న యజమానికి ఫోను చేసి అడిగి మరీ రాయండి. లారీ తలుపు దగ్గరి లెక్క మీద నాకు నమ్మకం లేదు. ముప్పయ్యో రోజు దాకా మంద కుదురుగా మేస్తూ, కంచె వైపు పోకుండా ఉంటే, కట్టిన గోనె ముక్కలు విప్పి తీసేయవచ్చు.